మీ సాయంత్రం ఆరు, మా తెల్లవారుజాము మూడున్నర

"టీచర్ గారూ, ఇక్కడ టైమ్ మారిందండీ. ఈ వారం నుంచి మన క్లాసు మీకు ఒక గంట ముందుకి వస్తుంది, కాస్త చూసుకోండి." ఏటా మార్చి రెండో ఆదివారం దాటగానే అమెరికాలో ఉన్న తల్లుల దగ్గర్నుంచి నా వాట్సాప్‌కి వచ్చే మెసేజ్ ఇది. మర్యాదగానే ఉంటుంది. చివర దణ్ణం పెట్టే బొమ్మ కూడా ఉంటుంది. నా గొడవల్లా అందులో ఉన్న రెండు మాటల మీద. మారిందేమో ‘ఇక్కడ’ట, జరగాల్సిందేమో ‘మీకు’ట. గడియారం ముల్లు తిప్పుకున్నది న్యూజెర్సీ, నిద్ర లేవాల్సింది ఏలూరు.

నేను ఏలూరులో ఉండి, బయటి దేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకి ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతాను. తాడేపల్లిగూడెంలో మా వదిన గాత్రం, వీణ చెబుతుంది. కైకలూరు దగ్గర, చేపల చెరువుల మధ్య ఉన్న ఊళ్ళో మా పిన్ని కూతురు లెక్కలు చెబుతుంది. మేం ముగ్గురం పెద్ద వింతేం కాదు. ఈ చుట్టుపక్కల ఏ వీధిలోనైనా తెల్లారకముందే ఒక కిటికీలో ట్యూబ్‌లైట్ వెలుగుతోందంటే, లోపల ఇంటర్ చదివే పిల్లాడైనా ఉంటాడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఒక టీచరైనా ఉంటుంది. ఇంటర్ పిల్లాడి మీద మనకి కథలున్నాయి, కవితలున్నాయి, సినిమాలున్నాయి. ఆ టీచర్ మీద నా కంటికి ఏదీ కనపడలేదు. డయాస్పోరా సాహిత్యం అని మనం ఇష్టంగా చదివే కథల్లో మంచు ఉంటుంది, అమ్మమ్మ ఆవకాయ ఉంటుంది, తెలుగు రాని మనవడు ఉంటాడు. ఆ మనవడికి అక్షరాలు దిద్దించే మనిషి మాత్రం కథలో ఏ మూలా ఉండదు. భాష బతకాలని సభల్లో గట్టిగా మాట్లాడతాం. అది ఏ వేళకి, ఎవరి నిద్రలోంచి బతుకుతోందో అడగం.

ముందు లెక్క చూద్దాం. న్యూజెర్సీలో పిల్ల స్కూలు నుంచి వచ్చి, ఏదో తిని, సాకర్ ప్రాక్టీసుకి వెళ్ళొచ్చి, సాయంత్రం 6 గంటలకి తెలుగు క్లాసులో కూర్చుంటుంది. అక్కడ వేసవి అయితే అది మాకు తెల్లవారుజామున 3:30. చలికాలం అయితే 4:30. డాలస్ అయితే 4:30, 5:30. కాలిఫోర్నియా వాళ్ళు కాస్త నయం, వాళ్ళ ఆరు మాకు ఉదయం 6:30, చలికాలంలో 7:30. కాకపోతే ఆ వేళకి ఇంట్లో కుక్కర్ కూస్తుంటుంది, స్కూలు ఆటో వాడు వీధి చివర హారన్ కొడుతుంటాడు. లండన్ పిల్లాడి సాయంత్రం ఆరు మాకు రాత్రి 10:30, చలికాలంలో 11:30. అంటే లండన్ క్లాసు అయ్యాక పడుకుని న్యూజెర్సీ క్లాసుకి లేవాలి. మధ్యలో దొరికేది నాలుగు గంటలు. దుబాయ్, సింగపూర్ వాళ్ళు మా పాలిట దేవుళ్ళు. దుబాయ్ ఆరు మాకు రాత్రి 7:30, సింగపూర్ ఆరు మధ్యాహ్నం 3:30. నా టైంటేబుల్ కాగితం మీద సింగపూర్ పక్కనా 3:30 ఉంటుంది, న్యూజెర్సీ పక్కనా 3:30 ఉంటుంది. ఫీజు మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇదైనా స్థిరంగా ఉంటే ఒళ్ళు ఎలాగోలా అలవాటు పడుతుంది. ఉండదు. 2025నే తీసుకోండి. మార్చి 9న అమెరికా గడియారాన్ని ముందుకి తిప్పింది. మార్చి 30న బ్రిటన్ తిప్పింది. ఏప్రిల్ 6న సిడ్నీ, మెల్‌బోర్న్ వెనక్కి తిప్పాయి. అక్టోబరు 5న అవే మళ్ళీ ముందుకి, అక్టోబరు 26న బ్రిటన్ వెనక్కి, నవంబరు 2న అమెరికా వెనక్కి. బ్రిస్బేన్ అసలు తిప్పదు. అరిజోనాలో చాలా భాగం తిప్పదు. మూడు ఖండాల పిల్లలున్న టీచరుకి ఏడాదికి ఆరుసార్లు టైంటేబుల్ కూలిపోతుంది. మార్చి 9కీ 30కీ మధ్య ఆ మూడు వారాలు మా వదిన ఫ్రిజ్ మీద అంటించుకునే కాగితం చూస్తే పంచాంగం నయమనిపిస్తుంది. వాళ్ళింటి గోడ గడియారం మాత్రం బ్యాటరీ మార్చడానికి తప్ప ఎప్పుడూ కిందకి దిగి ఎరగదు.

మనకి ఎవరో పెట్టిన టైముతో బతకడం కొత్త కాదు. గ్రీనిచ్‌ని లోకానికంతటికీ సున్నా గీతగా ఒప్పుకున్న సమావేశం 1884లో జరిగింది, అదీ వాషింగ్టన్‌లో. మన రైళ్ళు చాలాకాలం మద్రాసు టైముతో నడిచాయి. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన ఇప్పుడు మనం వాడే టైము వచ్చింది. ఏలూరు ఆ గీతకి కాస్త పడమరగా, దాదాపు 81.1 డిగ్రీల దగ్గర ఉంది. కాబట్టి మా ఊరి సూర్యుడు గడియారం కంటే సగటున ఐదున్నర నిమిషాలు ఆలస్యం. ఆ ఐదున్నర నిమిషాల గురించి ఎవరూ ఏడవలేదు, నేనూ ఏడవను. 1942 నుంచి 1945 దాకా యుద్ధం కోసం దేశమంతా గడియారాన్ని ఒక గంట ముందుకి జరిపారు. తాడేపల్లిగూడెంలో ఆ యుద్ధకాలంలో వేసిన రన్‌వే ఇంకా ఉంది. యుద్ధం అయిపోయింది, గంట వెనక్కి ఇచ్చేశారు. అస్సాం తేయాకు తోటల వాళ్ళు తమ వెలుతురు పోతోందని ఒక గంట ముందుండే ‘బగాన్ టైమ్’ పెట్టుకుని పని నడుపుకున్నారు. ఏది చూసినా టైము మార్చే హక్కు పని చేయించేవాడి దగ్గరే ఉంది. అప్పుడు ఉత్తర్వు వచ్చేది, ఇప్పుడు దణ్ణం పెట్టే బొమ్మతో మెసేజ్ వస్తోంది. తేడా అంతే.

"మీ వైపు వాళ్ళు ఎలాగూ తెల్లారకముందే లేస్తారు కదండీ" అని ఒకావిడ మా వదినతో అన్నారు. ఆవిడా మా భీమవరం వైపు మనిషే. ఈ మాటకి జవాబు వివరంగా చెప్పాలి, ఎందుకంటే వినడానికి నిజంలా ఉంటుంది.

అవును, కొల్లేరు చుట్టుపక్కల జనం చీకటితోనే లేస్తారు. చేపల చెరువులో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లారబోయే ముందు. పగలు ఎండకి నీళ్ళలోని నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రంతా అదే నాచూ చేపలూ కలిసి దాన్ని తాగేస్తాయి. అందుకే ఆ వేళకి చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది, కాపలా మనిషి లేచి ఏరేటర్లు వేస్తాడు. పట్టుబడి కూడా చల్లదనం ఉండగానే. ఎండెక్కితే సరుకు పాడవుతుంది, ఐసు కొట్టి బెంగాల్‌కో అస్సాంకో పోయే లారీ ఎక్కించాలి. ఆ మెలకువకి కారణం నీళ్ళలో ఉంది. చేప ఊపిరిని వాయిదా వెయ్యలేం. నా మెలకువకి కారణం సాకర్ ప్రాక్టీసులో ఉంది. దాన్ని వాయిదా వెయ్యచ్చు, జరపచ్చు, ఒకరోజు మానేయచ్చు. పైగా చెరువు మీది మనిషి రాత్రి ఎనిమిదింటికే అన్నం తిని నడుం వాలుస్తాడు, మధ్యాహ్నం ఇంకో కునుకు తీస్తాడు. మా పిన్ని కూతురికి రాత్రి ఎనిమిదింటికి ఆస్ట్రేలియా పిల్లల హోంవర్కు దిద్దే పని ఉంటుంది.

ఇంకోమాట, ఆటపాకలో దిగే పక్షుల్ని మీరు చూసే ఉంటారు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కిన సరస్సు మాది, చలికాలం వస్తే ఎక్కడెక్కడి నుంచో పక్షులొస్తాయి. వేల మైళ్ళు ఎగిరొచ్చిన పక్షి కూడా ఇక్కడికొచ్చాక ఇక్కడి పొద్దుకే లేస్తుంది. గూడబాతుల్ని ఉదయం మూడున్నరకి లేవమని అడిగినట్టు వినలేదు.

సంస్థల సంగతి చెప్పాలి. సొంతంగా పిల్లల్ని వెతుక్కోకముందు నేను ఒక ఆన్‌లైన్ ట్యూషన్ సంస్థలో ఏడాదిన్నర చేశాను. పేరు రాయను, ఎందుకంటే అలాంటివి చాలా ఉన్నాయి. వాళ్ళ యాప్‌లో పిల్లలకి టైము పిల్లల ఊరి లెక్కలో కనపడుతుంది. మాకు మన టైములో కనపడాలి. మార్చిలో అమెరికా టైము మారిన మర్నాడు, డాలస్ పిల్లాడి క్లాసు నా తెరమీద ఎప్పట్లాగే 5:30 అనే ఉంది. నేను 5:20కే కూర్చున్నాను. క్లాసు 4:30కి మొదలై, టీచరు రాలేదని దానంతటదే మూసుకుపోయిందని తర్వాత తెలిసింది. ‘టీచర్ నో షో’ అని ఎర్రక్షరాల్లో పడింది. ఆ క్లాసు డబ్బు రాకపోగా, ఇంకో క్లాసు డబ్బు జరిమానా కింద పోయింది. తెర ఫోటో తీసి పంపించాను. "టైమ్ జోన్ మార్పులు గమనించుకోవలసిన బాధ్యత టీచర్లదే" అని ఒక్క వాక్యం జవాబు. మరి యాప్ ఎందుకు? గోడకి ఒక క్యాలెండరు, ఒక పెన్సిలు చాలు కదా. నవంబరులో తిరగబడి, పిల్లలు గంట ఆలస్యంగా వచ్చినప్పుడు మేం ఖాళీ తెర ముందు కూర్చున్న గంటకి మాత్రం ‘స్టూడెంట్ నో షో’ అని ఎర్రక్షరాలేమీ పడలేదు.

ఈ వ్యాపారం పుట్టుకే అలాంటిది. 2000 ప్రాంతంలో కాల్ సెంటర్లు, మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ వచ్చినప్పుడు మన రాత్రికి ఒక ధర ఉందని మొదటిసారి తెలిసింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే బెంగుళూరు నుంచి ట్యూటర్‌విస్టా అమెరికా పిల్లలకి ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టింది. 2018లో వైట్‌హాట్ జూనియర్ పుట్టింది, 2020 ఆగస్టులో బైజూస్ దాన్ని 30 కోట్ల డాలర్లకి కొంది. అక్కడ చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లోంచి పనిచేసే ఆడవాళ్ళు. ఆ అమ్మకం వార్త రాసినవాళ్ళంతా విలువ గురించి రాశారు. ఆ విలువలో ఒక పెద్ద భాగం, చదువుకుని, పెళ్ళై, ఉద్యోగం మానేసి చిన్న ఊళ్ళలో ఉన్న ఆడవాళ్ళ నిద్ర అని ఎవరూ రాయలేదు. ఆ నిద్ర చవగ్గా దొరుకుతుంది, ఎందుకంటే ఇంట్లో కూడా దానికి ఎవరూ లెక్క కట్టలేదు.

ఇక్కడ కాస్త ఆగుతాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా ఆడవాళ్ళ చేత ఫ్యాక్టరీలో పని చేయించకూడదంది. ఆ నిషేధంలో పెద్దరికం ఉంది, ఆడవాళ్ళ ఉద్యోగాలకి అడ్డం కూడా పడింది, అది సడలిపోవడం మంచిదే. సడలించిన చోటల్లా, సమ్మతి ఉండాలి, రానూపోనూ బండి ఉండాలి, భద్రత ఉండాలి అని షరతులు పెట్టారు. మా వదిన రాత్రిపూట ఎక్కడికీ వెళ్ళదు. పడగ్గది నుంచి హాల్లోకి వస్తుంది, ఏడడుగులు. కాబట్టి బండి అక్కర్లేదు, భద్రత అక్కర్లేదు, సమ్మతి ఎలాగూ ఉంది, ‘ఇంట్లోనే కదా’. రాత్రి షిఫ్టుల పని మనుషుల్లో కేన్సర్‌కి బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించింది, 2019లో మళ్ళీ చూసి అదే మాట మీద నిలబడింది. ఏలూరు హాల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గుణింతాలు చెప్పడం షిఫ్టు కిందకి రాదు కాబట్టి మా శరీరాలకి ఆ సంగతి తెలియదనుకోవాలి.

వదిన పాడే పద్ధతి కూడా మారింది. మూడున్నరకి గొంతెత్తితే పక్క గదిలో మావయ్యగారికి మెలకువ వస్తుంది, అపార్టుమెంటులో కింద ఫ్లాటు వాళ్ళు ఒకసారి అడగనే అడిగారు. తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, మెత్తగా పాడి చూపిస్తుంది. అవతల పిల్ల ‘లౌడర్ ప్లీజ్’ అంటుంది. నూజివీడులో చేసిన ఆ వీణ మీద తీగ గట్టిగా మీటడానికి ఆవిడ ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగుతుంది. "నాకు సాధన ఎప్పుడో పోయింది, ఇప్పుడు ఉన్నదంతా క్లాసులే" అంది ఒకసారి. పిల్లలకి నేర్పుతున్నది ఏంటో, నేర్పే మనిషిలో మిగులుతున్నది ఏంటో, దీనికంటే బాగా నేను చెప్పలేను.

మరి పిల్లల నిద్రో? పిల్లల నిద్ర గురించి అమెరికా చాలా ఆలోచించింది, ఇది వెటకారం కాదు. మిడిల్ స్కూళ్ళూ హైస్కూళ్ళూ 8:30కి ముందు మొదలుపెట్టకూడదని అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2014లో చెప్పింది. కాలిఫోర్నియాలో ఏకంగా చట్టమే చేశారు. 2022 జులై 1 నుంచి హైస్కూలు 8:30కి ముందు, మిడిల్ స్కూలు 8:00కి ముందు పెట్టడానికి లేదు. చాలా మంచి చట్టం. మన దగ్గర ఐదింటికే పిల్లల్ని లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టే హాస్టళ్ళకి అలాంటిదొకటి కావాలి. కానీ "ఉదయం 7 గంటలకి, స్కూలు బస్సుకి ముందు ఒక అరగంట పెట్టుకుందామా, అది మాకు సాయంత్రం 4:30 అవుతుంది" అని ఒక న్యూజెర్సీ తల్లిని అడిగి చూడండి. "అయ్యో, పాప నిద్ర పాడవుతుందండీ!" పాపది అరగంట. టీచరుది ఏడాది పొడుగునా రాత్రిలో సగం. ఆ ‘అయ్యో’లో కపటం లేదు, నిజంగానే ఆ తల్లికి తట్టదు. నాకు కోపం వచ్చేది అక్కడే. కపటం ఉంటే దెబ్బలాడచ్చు.

తట్టదు అంటే టైము లెక్కలు రాక కాదు. ఇదే తల్లి వరలక్ష్మీ వ్రతానికి న్యూజెర్సీ తిథి వేరు, డాలస్ తిథి వేరు అని చూసుకుంటుంది. అమెరికాలో గుళ్ళవాళ్ళు ఊరి ఊరికీ లెక్కకట్టిన పంచాంగాలు ఇస్తారు, అందులో రాహుకాలం నిమిషాలతో సహా ఉంటుంది, వేసవిలో ఆ గంట కలిపి ఉంటుంది. ఏలూరు రాహుకాలాన్ని న్యూజెర్సీలో పాటిస్తే దోషమని తెలుసు. న్యూజెర్సీ సాయంకాలాన్ని ఏలూరులో పాటించమంటే దోషమని తెలియదు.

టైము తేడా వల్ల ఎవరు కష్టపడాలి అన్నది ఎవరు డబ్బు కడుతున్నారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. దీనికి నా దగ్గర ఒక రుజువుంది. 2020 గుర్తు చేసుకోండి. మన ఊళ్ళలో ఎంతమంది పిల్లలకి అమెరికా యూనివర్సిటీల్లో సీట్లొచ్చి, వీసా ఆఫీసులు మూతపడి, ఇంట్లోనే మొదటి సెమిస్టర్ చదివారు! అర్ధరాత్రి రెండింటికి లెక్చరు వింటూ, తల్లి కాఫీ పెట్టిస్తూ. ఆ జులై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే విదేశీ విద్యార్థులు అమెరికాలో ఉండటానికి వీల్లేదని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. హార్వర్డ్, ఎమ్ఐటీ రెండు రోజుల్లో కోర్టుకెళ్ళాయి. జులై 14న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ తర్వాత చాలా యూనివర్సిటీలు ఆసియాలో చిక్కుకున్న పిల్లల కోసం లెక్చర్లు రికార్డు చేసి పెట్టాయి, వేరే వేళల్లో సెక్షన్లు పెట్టాయి. పిల్లాడు అర్ధరాత్రి పరీక్ష రాయడం అన్యాయమని ప్రొఫెసర్లు ఒప్పుకున్నారు. అంటే ఇది భూగోళం చేసిన తప్పు కాదని, మనుషులు కూర్చుని సర్దుకోగలిగిన విషయమని, ఒక్క వేసవిలో అందరికీ తెలిసింది. ఫీజు కట్టేవాడికి నిద్ర పోయినప్పుడు తెలిసింది. ఫీజు తీసుకునేవాడి దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మర్చిపోయాం.

"ఇష్టం లేకపోతే మానేయచ్చుగా" అనేవాళ్ళున్నారు. మీలోనూ కొందరు ఈపాటికి అనుకునే ఉంటారు. అనుకోండి. ఏలూరులో ప్రైవేటు స్కూలు తెలుగు టీచరుకి ఇచ్చే జీతం ఎంతో మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేసి ఉంటే తెలుస్తుంది. దాని పక్కన డాలర్లలో వచ్చే ఫీజు పెద్దదే, ఒప్పుకుంటాను. ఆ ఫీజుతోనే మా పిన్ని కూతురు ఇంటి అప్పు తీరుస్తోంది. కానీ డబ్బు తీసుకున్నంత మాత్రాన పని వేళల మీద నోరెత్తకూడదన్న రూలు ఎక్కడిది? మీలో సగంమంది హైదరాబాదులోనో బెంగుళూరులోనో రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా వాళ్ళతో స్టాండప్ కాల్‌లో ఉంటారు. దాని గురించి మీరు పెట్టే మీమ్స్ నేనూ చూస్తున్నాను. మీకు అలవెన్సో, క్యాబో, మర్నాడు పదకొండింటికి లాగిన్ అయ్యే వీలో, కనీసం తిట్టుకోవడానికి ఒక మేనేజరో ఉన్నాడు. మాకు మేనేజర్లు పాతికమంది, ఒక్కొక్కరు ఒక్కో తల్లి, ఒక్కొక్కరిదీ ఒక్కో టైము జోను, అందరూ ‘టీచర్ గారూ’ అనే పిలుస్తారు.

అవతల వాళ్ళ ఇబ్బంది నాకు తెలియక కాదు. అక్కడ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు, రాత్రి తొమ్మిదికి మళ్ళీ ఇండియా టీముతో కాల్స్, పిల్లల్ని దింపడం, తీసుకురావడం. మధ్యలో పిల్లకి ఊరి భాష ఒకటి అంటించాలన్న తాపత్రయం. ఆ తాపత్రయం లేకపోతే నాకు పనే లేదు. కానీ శని ఆదివారాలు వాళ్ళకీ ఉన్నాయి. శనివారం ఉదయం న్యూజెర్సీలో 8 అయితే మాకు సాయంత్రం 5:30, చలికాలంలో 6:30. కాలిఫోర్నియాలో 8 అయితే మాకు రాత్రి 8:30, 9:30. ఇద్దరూ మెలకువగా ఉండే వేళలు భూమ్మీద ఉన్నాయి. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి వారాంతాల్లో, అక్కడే ఉన్న వాలంటీర్లతో పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు చెప్పిస్తోంది. వాళ్ళ పద్ధతుల మీద నాకు వేరే పేచీలున్నాయి, అవి ఇంకోసారి. శనివారం పొద్దున పిల్లలు తెలుగు నేర్చుకోవడానికి లేస్తారని మాత్రం వాళ్ళు చూపించారు. "శనివారం పొద్దున్న స్విమ్మింగ్ ఉందండీ" అనే జవాబు నా దగ్గర చెల్లదు. స్విమ్మింగ్ కోచ్‌ని తెల్లవారుజాము మూడున్నరకి రమ్మనండి, ఆయన ఏమంటాడో విని నాకు చెప్పండి.

టీచర్లతోనూ ఒక మాట. మనలో మనం ఒకరి కాళ్ళు ఒకరం లాగుతున్నాం. నేను 3:30 కుదరదంటే భీమవరంలో ఒకావిడ కుదురుతుందంటుంది, ఆవిడ కాదంటే రాజమండ్రిలో ఇంకొకరు. వాట్సాప్ గ్రూపుల్లో బొమ్మలూ వర్కుషీట్లూ ఉదారంగా పంచుకుంటాం. వేళల గురించి అడిగితే నిశ్శబ్దం. పోయిన ఏడాది ఒక గ్రూపులో నేను రాసిన ప్రతిపాదన ఇది: క్లాసు వేళ మన టైములో రాసుకుందాం. గడియారం తిప్పే దేశమే ఆ గంట భరిస్తుంది. నవంబరులో పిల్ల క్లాసు ఆరుకి బదులు ఐదుకి పడితే వాళ్ళు చూసుకోవాలి. మన టైములో ఉదయం 5:30కి ముందూ, రాత్రి 9:30 తర్వాతా ఎవరం తీసుకోవద్దు. ఎవరికైనా నిజంగా వేరే దారి లేకపోతే ఆ వేళకి ఒకటిన్నర రెట్లు ఫీజు, ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ అనే మాటకి అర్థం తెలిసిన వాళ్ళమే కదా. ముందు రోజు చెప్పకుండా మానేసిన క్లాసుకి డబ్బు కట్టాలి. నలభై ముగ్గురు చదివారు. ఆరుగురు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకావిడ విడిగా ఫోన్ చేసి, "నువ్వు చెప్పింది కరెక్టేనమ్మా, కానీ ముందు నువ్వు మొదలుపెట్టు, నిలబడితే మేమూ వస్తాం" అన్నారు.

మొదలుపెట్టాను. అప్పటికి నా దగ్గర పద్నాలుగు మంది పిల్లలు. అందరి ఇళ్ళకీ క్లాసు వేళ ఏలూరు టైములో రాసి పంపించాను, పక్కన వాళ్ళ టైము కూడా రాశాను, మార్చి తర్వాత ఎంత, నవంబరు తర్వాత ఎంత అని రెండు వరసల్లో. నలుగురు మానేశారు, అందులో ఒకరు ఏ జవాబూ ఇవ్వలేదు. ముగ్గురు శనివారానికి మారారు. డాలస్ ఆయనొకరు, ‘మాకు ఇది ఎప్పుడూ తట్టలేదండీ, సారీ’ అని రాసి, పిల్లాణ్ణి ఉదయం ఏడుకి కూర్చోబెడుతున్నారు. వాడు ఆవులిస్తూ వస్తాడు, ఒత్తులు పలకడానికి ఇబ్బంది పడతాడు, అయినా వస్తాడు. ఇంటికొచ్చే డబ్బు తగ్గింది. ఎంత తగ్గిందో భీమవరం ఆవిడకి చెప్పాను, దాయలేదు. మా వదిన ఇంకా మూడున్నరకే లేస్తోంది. ఆవిడ దగ్గర ఇద్దరు పిల్లలు డిసెంబరులో అరంగేట్రం ఇవ్వాలి, అది అయ్యేదాకా కదపనంది. జనవరిలో చూద్దామంది.